ఊపిరి సందు

నాలుగూ అయిదుకు రేవు వదిలిన పడవ నాలుగూ ముప్పై ఒకటికి మునిగింది. మధ్యలో ఇరవై ఆరు నిమిషాలు. ఆదివారం నుంచి ఈ బుధవారం దాకా ఎస్సై శోభ అన్నం ముందు కూర్చున్నా, జీపులో కూర్చున్నా ఆ ఇరవై ఆరు నిమిషాల దగ్గరే తిరుగుతోంది. పడవకు చిల్లు ఉంటే రేవులోనే మునగాలి. చిల్లు లేకపోతే అసలు మునగకూడదు. అంతసేపు బుద్ధిగా నడిచి, సరిగ్గా గోదావరి నడిమధ్యకు వెళ్లాక మునిగే పడవ ఎక్కడైనా ఉంటుందా?

పోయినవాడు వినీత్. ఇరవై నాలుగేళ్లవాడు. గోదావరిఖని కంపెనీ క్వార్టర్లలో శోభ వాళ్ల పక్కింట్లో పుట్టాడు. వాడికి మొదటిసారి చెప్పులు తొడిగింది ఆమే, సైకిలు వెనకాల పట్టుకుని పరిగెత్తిందీ ఆమే. సోమవారం పొద్దున వలల వాళ్లు వాణ్ని ఒడ్డుకు చేర్చాక పంచనామా రాయాల్సిందీ ఆమే అయింది. గుర్తింపు మచ్చలు అని కాగితం అడిగింది. ఎడమ మోకాలి మీది మచ్చ దగ్గర ఆమె కలం ఆగిపోయింది. అది సైకిలు నేర్పినప్పుడు పడ్డ దెబ్బ. పోలీసు ఉద్యోగంలో ఏడవడానికి పక్కకు పోయే వీలు కూడా ఉండదని ఆమెకు ఆ రోజు తెలిసింది.

పడవ కట్టింది వాడి తాత వీర్రాజు. గోదావరి సముద్రంలో కలిసే చోటికి దగ్గర్లో తాళ్లరేవు ఆయన ఊరు. ముత్తాతలు కోరంగి రేవులో ఓడలు కట్టిన మేస్త్రీలు. వాళ్ల చేతి మీద నీళ్లలోకి దిగిన మూడు తెరచాప కొయ్యల ఓడ 'గౌతమీ లక్ష్మి' రంగూన్ దాకా పోయి వచ్చేదని, 'కామేశ్వరి' అనే ఇంకో ఓడ తుపానులో కొయ్యలు విరిగినా అడుగున చుక్క నీరు రానివ్వకుండా మనుషుల్ని ఒడ్డుకు చేర్చిందని ఆయన చెప్పని రోజు లేదు. ఓడల కాలం పోయాక, పొట్ట చేతపట్టుకుని నది వెంట పైకి వచ్చి, బొగ్గుబాయిలో కప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే టింబర్‌మన్‌గా చేరాడు. "మా ఓడల టేకంతా ఈ అడవుల్లోంచే తెప్పలు కట్టుకుని కిందికొచ్చేది. దుంగలు కిందికెళ్లాయి, నేను పైకొచ్చాను" అని నవ్వేవాడు. రిటైరయ్యాక, కన్నుమూసేలోగా ఒక్క గౌతమీ లక్ష్మినైనా తన చేత్తో కట్టాలని, అదే తీరులో ఇరవై రెండు అడుగుల చిన్న ఓడను నది ఒడ్డున రేకుల షెడ్డులో మూడేళ్లు కట్టాడు. సోమవారం పొద్దున దాన్ని నీళ్లలోకి దించడానికి ముహూర్తం. వినీత్ ఆదివారం సాయంత్రమే తీసుకెళ్లాడు.

ఇప్పుడది అదే షెడ్డు ముందు, రెండు దిమ్మెల మీద బోర్లా పడి ఉంది.

"ఇంక ఎంతసేపు చూస్తవ్ శోభా? అది పడవ, పెండ్లిపిల్ల గాదు" అన్నాడు వెనకనుంచి ఇన్‌స్పెక్టర్ వీరేందర్.

వీరేందర్ జిల్లా స్పెషల్ టీమ్ మనిషి. కాలనీ అంతా రోడ్డు మీదికి వచ్చిందని పైనుంచి పంపించారు. వచ్చిన ఇరవై నాలుగు గంటల్లో దోషిని పట్టేశాడు. బ్యాక్‌వాటర్‌లో మోటారు పడవల మీద జనాన్ని తిప్పే భూపాల్. "ముసలోని కట్టె పడవ నీళ్లు ముట్టదు సూడుండ్రి" అని భూపాల్ పదిమంది ముందు అన్నాడు. శనివారం సాయంత్రం ఆరున్నరకు షెడ్డు దగ్గర కనబడ్డాడు. వాడి పడవలో ఉలి దొరికింది. ఇంకేం కావాలి? మంగళవారం సాయంత్రం అయిదింటికి అరెస్టు చూపించాడు. ఈ సాయంత్రం అయిదులోపు మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. హత్య కేసు.

శోభ ముక్కాలి పీట ఎక్కి పడవ అడుగు మీదికి వంగింది. ముందు భాగంలో, అడుగు దూలం పక్కన, రెండు పలకల మధ్య జానెడు పొడవు సందు. చిటికెన వేలు పట్టేంత వెడల్పు. నీరు రాకుండా సందుల్లో కూరే దూది అక్కడ లేదు.

"ఉలితోని దూదంత గీకి తీసిండు" అన్నాడు వీరేందర్. "సక్కగ కనవడ్తలేదా?"

"గీకలే సార్." ఆమె పక్క సందులోకి చిన్న కత్తి మొన దించి పైకి తీసింది. గుగ్గిలం పట్టిన దూది పీచు మొనకు చుట్టుకుని వచ్చింది. అదే కత్తి ఆ జానెడు సందులో అటూ ఇటూ తిప్పింది. ఏమీ రాలేదు. "గీకితే అంచులకు పీచు మిగుల్తది. కట్టె మీద ఉలి గాటు పడ్తది. ఇక్కడ గాటు లేదు, పీచు లేదు. అంచులు నూనె రాసి మంచిగ నున్నగ జేసి పెట్టిన్రు. ఈ సందుల దూది ఎన్నడు పెట్టనే లేదు."

"అంటే ముసలాయన మరిచిపోయిండంటవా?"

"మరిచిపోతే రేవుల్నే నాలుగు నిమిషాలల్ల మోకాళ్ల దాకా నీళ్లస్తుండె. వలలోళ్లను అడిగిన, అందరు అదే మాట. ఆ నీళ్లల్ల పిల్లలు గుడ దిగి నవ్వుకుంట ఒడ్డుకస్తరు. వాడు నడిమిట్లకు ఎట్ల పోయిండు సార్?"

వీరేందర్‌కు ఆ ప్రశ్న నచ్చలేదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే జాతి ఆయనది. నాలుగో కాలు చూపిస్తే ఆ కాలినే విరగ్గొట్టే రకం.

"సార్, పడవ మీద బురద ఏమైంది? సోమవారం తీసినప్పుడు నిండ ఉండె."

"నిన్న ఫైరింజన్ పిలిపిచ్చి కడిగిచ్చిన. ఫొటోలల్ల మంచిగ రావాలె గదా."

సాక్ష్యాన్ని గొట్టం పెట్టి గోదావరిలో కలిపి, ఫొటోలు మాత్రం అందంగా తీయించుకున్న పెద్దమనిషికి చెప్పడానికి శోభకు తెలిసిన మాటలేవీ పై అధికారితో అనదగ్గవి కావు.

మెట్ల మీద రుత్విక్ కూర్చుని ఉన్నాడు. వినీత్ దోస్తు. ఆ రోజు పడవలో ఉన్న రెండోవాడు, ఈదుకుని బయటపడ్డవాడు. మూడు రోజులుగా గడ్డం గీసుకోలేదు. శోభ వాడి పక్కనే కూర్చుంది.

"మల్లొక్కసారి చెప్పు తమ్మీ. ఎక్కేముందు వాడేం జేసిండు?"

"వీడియో తీసి తాతకు సూపిద్దామన్నడక్కా. తాత సెంటినరీ కాలనీకి సుట్టాలను పిలువ పోయిండు. 'తాత లేకుండ ఎందుకురా' అన్న. 'ఆగు, చూసొస్త' అని ఫోన్ లైటు పెట్టుకొని పడవ కిందికి దూరిండు. నవ్వుకుంట బయటికచ్చిండు. 'సందు మూసిండురా, తాత ఇచ్చేసిండు, ఇగ మనదే' అన్నడు. నాకు సమజ్ కాలే."

"ఇచ్చేసిండు అన్నడా?"

"అవక్కా. గంతనే. నలుగురు పట్టి దింపిన్రు. మంచిగ పోయింది. నడిమిట్లకు పోయినంక కాళ్ల కింద ఏదో టప్పుమన్నది. చూస్తుండంగనే నీళ్లు. బరువుకు అడుగున రాళ్లేసిండు గదా తాత, ఒక దిక్కు వాలి బోర్ల పడ్డది. నేను ఇటు పడ్డ, వాడు కింద పడ్డడు." వాడు మొహం మోకాళ్ల మధ్య దాచుకున్నాడు. "నేను మునిగి చూసిన అక్కా. రెండుసార్లు మునిగిన. నీళ్లు నల్లగున్నయి."

శోభ వాడి వీపు నిమిరింది. తర్వాత లేచి, ఎవరికీ చెప్పకుండా, బోర్లా ఉన్న పడవ కిందికి పాకింది.

ఫైరింజన్ పైన కడిగింది గానీ లోపలి మూలలకు అందలేదు. సందుకు సరిగ్గా లోపలివైపు, పలకను అడ్డంగా పట్టి ఉంచే బద్దె వెనక, బొటనవేలంత మట్టి ముక్క ఇరుక్కుని ఎండిపోయి ఉంది. దాని ఒక పక్కన పలుచగా తారు పొర. నది బురద కాదది. బురద నల్లగా, జిగటగా ఉంటుంది. ఇది ఎర్రమట్టి. వేళ్ల మధ్య నలిపితే ఇసుక తగిలింది, కొలిచి కలిపినట్టు. ఒక కొస గుండ్రంగా, కర్రతో గట్టిగా పొడిచినట్టు చదునుగా ఉంది.

కాలనీలో పుట్టిన ఆడపిల్లకు ఆ మట్టి ఏమిటో ఒకరు చెప్పనక్కర్లేదు. బాయిలో బొగ్గు పేల్చేటప్పుడు గోడకు తొలిచిన బొక్కలో ముందు మందు పెడతారు. తర్వాత ఎర్రమట్టీ ఇసుకా కలిపి చేసిన కడ్డీలు ఒకదాని మీద ఒకటి పెట్టి, కర్రతో దట్టించి బొక్క మూస్తారు. మట్టి గట్టిగా దట్టిస్తేనే పేలుడు బొగ్గు మీదికి పోతుంది, లేకపోతే మనిషి మీదికి వస్తుంది. ఆ పని చేసేవాడిని షాట్‌ఫైరర్ అంటారు.

ఆమె ముక్కను కవర్లో వేసుకుని బయటికి వచ్చింది.

"సార్, ఎవరో సందును మట్టితోని దట్టిచ్చి మీదికెళ్లి తారు పూసిన్రు. అది నాని ఊడిపోయేదాక పడవ నడిచింది. ఇరవై ఆరు నిమిషాలు ఎక్కడికెళ్లి వచ్చినయో గిదే. బాయి పని జేసిన చెయ్యి ఇది. భూపాల్ బాయిల దిగలే."

వీరేందర్ కవర్ చేతిలోకి కూడా తీసుకోలేదు. "ఈ ఊర్ల సగంమంది బాయి పనోళ్లే. వాడే ఎవనితోనో చేయించిండనుకో. ఏ పేరు రాస్తవ్? మట్టి పేరు రాస్తవా?" వాచీ చూసుకున్నాడు. "నాలుగున్నరకు బండి కదుల్తది. అంతల్ల మనిషిని తెస్తే తే. లేకుంటే భూపాల్ జైలుకు పోతడు. నువ్వు పక్కింటి పిల్లగాడని ఏడ్సుకుంట కేసు చూస్తున్నవ్. నేను కేసు లెక్క చూస్తున్న."

"ఏడ్సుకుంటనే చూస్తున్న సార్" అంది శోభ. "అందుకే కడగలే."

రెండూ నలభైకి ఆమె లాకప్ ముందు నిలబడింది. భూపాల్ గోడకు ఆనుకుని ఉన్నాడు. నలభై దాటిన మనిషి, ఒక్క రాత్రికే అరవై దాటినట్టున్నాడు.

"శనివారం ఆరున్నరకు షెడ్డుకు ఎందుకు పోయినవ్ అన్నా?"

"చూద్దామని మేడం. నోటితోని ఎన్నన్నా, మంచిగ కట్టిండు ముసలాయన. దొంగతనంగ చూద్దామని పోయిన. లోపట అప్పటికే ఒకలున్నరు. పడవ కింద ఎల్లెల్కల పండుకొని, బ్యాటరీ లైటు పెట్టుకొని, కర్రతోని ఏందో పొడుస్తున్నరు. మెల్లగ మర్లచ్చిన."

"ఎవరు?"

భూపాల్ ఆమె ముఖం కేసి ఒక్కసారి చూసి తల దించుకున్నాడు. "కనవడలే."

"లైటున్నంక ముఖం ఎట్ల కనవడలే?"

"నాకు ఇద్దరు పిల్లలున్నరు మేడం. నేను చెప్తే ఇనేటోళ్లుండరు, చెప్పకుంటే ఇడిచేటోళ్లుండరు. మీరే కనుక్కోండ్రి. నా నోటితోని వద్దు."

ఆమెకు కోపం వచ్చింది. ఇంత ప్రాణం మీదికి వచ్చాక ఇంకా ఎవరి పరువు కాపాడుతున్నాడు వీడు? గట్టిగా అడగబోయేంతలో కానిస్టేబుల్ వచ్చి, వీర్రాజు వచ్చాడని చెప్పాడు.

ముసలాయన ఆమె టేబుల్ ముందు కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. డెబ్బై రెండేళ్లు. యాభై ఏళ్లుగా ఇక్కడి నీళ్లు తాగినా నాలుక మాత్రం తాళ్లరేవులోనే ఉండిపోయింది.

"భూపాల్ని వదిలెయ్యమను అమ్మాయ్. ఆడేం చెయ్యలేదు. సందు పూడ్చడం నేనే మర్చిపోయాను. ముసలోణ్ణి, కళ్లు ఆనట్లేదు. నా మనవణ్ణి నేనే చంపుకున్నాను. అలా రాసుకో. వేలిముద్ర ఎక్కడెయ్యాలో చెప్పు."

"నువ్వు మరిచిపోలే కాకా."

"మర్చిపోయానంటుంటే!"

"ఒక్క సందు మిగిలిచ్చి, దాని అంచులకు నూనె రాసి, నున్నగ జేసి మరిచిపోతరా ఎవలన్న? అది నువ్వు కావాలనే ఇడిచినవ్. ఎందుకిడిచినవ్?"

వీర్రాజు టేబుల్ మీది గాజు పలక మీద వేళ్లు చాపి జానెడు కొలిచాడు.

"అది ఊపిరి సందు" అన్నాడు. "మా ఇంటి పద్ధతి. పడవంతా అయిపోయినా అడుగున జానెడు సందు వదిలేస్తాం. అందాకా అది కట్టే, పడవ కాదు. ముహూర్తానికి పెద్ద మేస్త్రీ తన చేత్తో అక్కడ దూది కూరి గుగ్గిలం పోస్తాడు. పోశాక పడవని నీటికి ఇచ్చేసినట్టు. అంతకుముందు మా పిల్లలెవరూ చెయ్యెయ్యరు. గౌతమీ లక్ష్మికి మా ముత్తాత అలాగే ఇచ్చాడు. బయటోళ్లకి చెప్పం. చెప్పుకునే మాట కాదది."

అందుకే పిల్లవాడు ముందు కిందికి దూరి చూశాడు. సందు మూసి ఉంది. మీద తారు మెరుస్తోంది. తాత ఇచ్చేశాడనుకున్నాడు. తుంటరితనంతో ఎత్తుకుపోలేదు వాడు, అనుమతి చూసుకునే ఎక్కాడు. వాణ్ని మూడు రోజులుగా కాలనీ అంతా తొందరపాటు పిల్లాడని అంటోంది.

ఆమె కవర్లోంచి మట్టి ముక్క తీసి ఆయన ముందు పెట్టింది.

వీర్రాజు అరచెయ్యి ఒక్కసారిగా దాని మీద పడింది. చూడడానికి కాదు, దాచడానికి.

"నువ్వు ఇది ముందే చూసినవ్" అంది శోభ. "సోమవారం పడవ తీసినప్పుడు సందుల చెయ్యి పెట్టి చూసినవ్. నేను దూరంకెళ్లి చూసిన. ఎవరిది కాకా?"

"పారెయ్."

"ఎవరిది?"

"పోయినోడు నా మనవడు. నేనే అడగట్లేదు. నీకెందుకే?" ముసలాయన అరచెయ్యి అక్కణ్నుంచి తియ్యలేదు. "ఆ చెయ్యి ఎవరిదైనా పగతో పెట్టింది కాదు. ఒక్క సందు కోసం రెండిళ్లు మునగాలా? పోయినోడు ఎలాగూ పోయాడు. నన్ను రాసుకో, నా మాటిను."

పేరు చెప్పనన్న మనిషి అంతకన్నా గట్టిగా చెప్పలేడు. సొంత మనవడు పోయినా నేరం తన మీద వేసుకుని కాపాడదగ్గ మనిషి ఈయనకు లోకంలో ఎవరున్నారు? రెండిళ్లంటే ఏ రెండిళ్లు? శోభ టెన్త్ చదివేటప్పుడు ఒక సెకండ్ షిఫ్టులో, దుంగ మూలిగిన చప్పుడు విని వీర్రాజు ఒక మనిషిని కాలర్ పట్టి లాగి పడేశాడు. ఆ మనిషి నిలబడ్డ చోట మరుక్షణంలో కప్పు కూలింది. ఆ కథ వాళ్లింట్లో పండక్కి పండక్కి చెప్పుకునేవారు. భూపాల్ తన ముఖం చూసి తల ఎందుకు దించుకున్నాడో ఆమెకు ఇప్పుడు తెలిసింది.

ఆయన అరచేతి కిందినుంచి మట్టి ముక్క తీసి కవర్లో వేసుకుని, టోపీ తీసుకుని లేచింది. టైము మూడూ ఇరవై అయిదు.

క్వార్టర్ వంటింట్లో సదయ్య బియ్యం కడుగుతున్నాడు. రిటైర్డ్ షాట్‌ఫైరర్, శోభ తండ్రి. చావు ఇంట్లో పొయ్యి వెలిగించరు కదా, మూడు రోజులుగా పక్కింటికి అన్నం ఈయనే వండి తీసుకెళుతున్నాడు. అక్కడ వినీత్ తల్లి రత్నమాల ఒక ముద్ద తింటే ఈయన ఒక ముద్ద తింటున్నాడు. ఆమె తినకపోతే ఈయనా లేదు.

"అచ్చినవా బిడ్డా? కూసో. చాయ్ పెడ్త."

"వద్దు నాయినా." ఆమె గడప దగ్గరే నిలబడింది. వృత్తిలో వందమందిని అడిగిన ప్రశ్న. "శనివారం పొద్దుమీకి పడవకాడికి పోయినవా?"

"పోయిన." దాపరికం లేదు, తడబాటు లేదు. "ఎవరు చెప్పిన్రు నీకు? రాజన్నకు చెప్పకు బిడ్డా, చిన్నబోతడు. పడవ చూద్దామని కింద దూరిన. ఒక్క సందు ఇడిచిపెట్టిండు. జానెడు! వయసు మీదవడ్డది గదా, యాది మరిసిండనుకున్న. తెల్లారితే ఆదివారం, ఆ మర్నాడు వందమంది ముందట దించుతరు. నీళ్లచ్చినయనుకో, మూడేండ్ల కష్టం, తాతల పేరు, అంత నవ్వులపాలైతది. అందుకని సప్పుడు జెయ్యకుండ నేనే మూసిన."

"దేనితోని?"

"మన మట్టితోనే. రెండు పాళ్లు మట్టి, ఒక పాలు ఇసుక. ఆరు కడ్డీలు పట్టినయి. కర్రతోని మంచిగ దట్టిచ్చిన, నీ తోడు, బాయిల గుడ గంత మంచిగ ఎన్నడు దట్టియ్యలే. మీదికెళ్లి ఆడున్న తారే పూసిన, తెల్వకుండ." చేతులు తుడుచుకుంటూ నిట్టూర్చాడు. "నేను గది మూసిన కాబట్టి గంత దూరమన్న పోయింది. లేకుంటే రేవుల్నే మునుగుతుండె. ఇంకేడనో పగిలి ఉంటది, పాపం. మేస్త్రి చెయ్యి గదా, ఎట్ల పగిలిందో సమజైతలేదు."

శోభకు ఆ క్షణాన ఉద్యోగం వదిలి పారిపోవాలనిపించింది. ఆ మాట అక్కడితో ఆపి, చాయ్ తాగి, మట్టి ముక్కను కాలవలో వేసి వెళ్లిపోతే ఈ ముసలాయన చచ్చేదాకా మంచి పని చేశాననుకునే బతుకుతాడు. వీర్రాజు చెప్పడు. భూపాల్ చెప్పడు. కాకపోతే భూపాల్‌కు ఇద్దరు పిల్లలు.

"నాయినా" అంది. "నీళ్లు ఊరే బొక్కల మట్టి ఎంతసేపు నిలుస్తది?"

ముప్పై ఏళ్ల పనిలో వెయ్యిసార్లు కొత్తవాళ్లకు చెప్పిన జవాబు. అలవాటుగానే వచ్చేసింది. "నీళ్ల బొక్కల మట్టిని నమ్ముతరా ఎవలన్న? నానుతది. ఇరవై నిమిషాలు, మస్తు దట్టిస్తే అర్ధగంట. తర్వాత ఒక్కపారే..."

ఆగిపోయాడు.

చేతిలో తువ్వాల అలాగే ఉంది. ఆయన కళ్లు కూతురి ముఖం మీంచి యూనిఫారం మీదికి, మళ్లీ ముఖం మీదికి వచ్చాయి.

"పోరడు ఎన్నిటికి బయలెల్లిండు?"

"నాలుగు గొట్టి అయిదు నిమిషాలకు."

"మునిగింది?"

ఆమె చెప్పనవసరం లేకపోయింది. కాలనీలో ఆ టైము తెలియనివాళ్లు లేరు. సదయ్య వంటింటి గట్టు పట్టుకుని మెల్లగా కిందికి జారి కూర్చున్నాడు. ఏడుపు రాలేదు. తన రెండు చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని వాటినే చూసుకున్నాడు.

"మూయకుంటే రేవుల్నే మునుగుతుండె" అన్నాడు. "మోకాలు లోతు నీళ్లు. నవ్వుకుంట దిగొస్తుండె."

"నాయినా, నీకు తెల్వది. ఆ సందు వాళ్ల పద్ధతట. కావాలని ఇడిచిన్రట."

"రాజన్నకు ఎర్కేనా?"

"ఎర్కే. మట్టి చూసిన దినమే ఎర్కైంది. నేనే మరిచిపోయిన అని నేరం మీదేసుకుంటున్నడు. టేషన్ల కూసున్నడు."

సదయ్య ఆ మాటకు తల ఎత్తాడు. గట్టు పట్టుకుని లేచాడు. స్టవ్ ఆపాడు. బియ్యం గిన్నె మీద మూత పెట్టాడు, తిరిగి వచ్చి వండుకునేవాడిలా. "పిల్లగాన్ని తీసుకున్న. ఇగ ఆయన్ని గుడ జైలుకు పంపాల్నా? పా బిడ్డా. జల్ది పా."

"నేను రాయరాదు నాయినా. నీ బిడ్డను. వీరేందర్ సార్ రాస్తడు."

"ఎవరు రాస్తేంది."

నాలుగూ ఇరవైకి జీపు స్టేషన్లోకి తిరిగింది. భూపాల్‌ను బేడీలతో వ్యాన్ దగ్గరికి నడిపిస్తున్నారు. వీరేందర్ మెట్ల మీద నిలబడి వాచీ చూసుకుంటున్నాడు. శోభ జీపు దిగి, మట్టి కవర్ ఆయన చేతిలో పెట్టింది.

"మనిషిని తెమ్మన్నరు గదా సార్. తెచ్చిన."

"ఎవరు?"

"మా నాయిన."

వీరేందర్ నవ్వబోయి ఆమె ముఖం చూసి ఆగిపోయాడు. ఆమె ఉన్నదున్నట్టు చెప్పింది. సందు, మట్టి, తారు, ఇరవై ఆరు నిమిషాలు. ఆయన కవర్లోని ముక్కను ఈసారి చాలాసేపు చూశాడు. తర్వాత వ్యాన్ దగ్గరున్న కానిస్టేబుల్‌కు చెయ్యి ఊపాడు. భూపాల్ బేడీలు తీశారు. భూపాల్ సదయ్యను దాటిపోతూ ఆగి, దండం పెట్టి వెళ్లిపోయాడు.

లోపల వీర్రాజు అదే కుర్చీలో ఉన్నాడు. గుమ్మంలో సదయ్యను చూసి లేచి నిలబడ్డాడు. వద్దు, వెళ్లిపో అన్నట్టు చెయ్యి ఊపాడు. సదయ్య వెళ్లలేదు. దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. ముప్పై ఏళ్లు ఒకే షిఫ్టులో ఒకే చీకట్లోకి దిగిన ఇద్దరు మనుషులు ఎదురెదురుగా నిలబడి ఒకరి ముఖం ఒకరు చూడలేకపోయారు.

వీరేందర్ కాగితాలు ముందేసుకుని కలం తీశాడు, తొందరపెట్టలేదు. శోభ తండ్రి వెనకాల గోడకు ఆనుకుంది.

"ఒక్క మాట అడగొచ్చు కదా సదయ్యా" అన్నాడు వీర్రాజు. తిట్టలేదు, చాలా నెమ్మదిగా అడిగాడు. "పక్కిల్లే కదా. గోడవతల నుంచి ఒక్క కేకేస్తే చెప్పేవోణ్ణి కదా."

"యాది మరిసినవనుకున్న రాజన్నా." సదయ్య రెండు చేతులు జోడించాడు. "అడిగితే నువ్వు చిన్నబోతవని అడుగలే."

వీర్రాజు ఆ జోడించిన చేతుల్ని తన రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. ఆయన అన్నది గదిలో అందరికీ వినబడింది.

"చిన్నబోతే చిన్నబోయేవోణ్ణి కదరా. ఆడు బతికుండేవోడు."